అప్‌డేట్: హాట్ టబ్ ఒక మూలకి కుంగడానికి కారణం దొరికింది

హాట్ టబ్ (వేడి నీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి) ఒక మూల 2 సెంటీమీటర్లు కుంగింది, ఎందుకని అడిగాను కదా, కారణం తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు కింద మట్టి చూడండి" అన్నవాళ్లదే కరెక్ట్. టబ్ ఖాళీ చేసి, జరిపి, పలకలు లేపితే కింద ఉన్నది దిమ్మిస కొట్టని పూడిక మట్టి. పైకప్పు నుంచి దిగే వాన పైపు నీళ్లు సరిగ్గా ఆ మూలే పడి ఆ మట్టిని కోసేశాయి. టబ్‌లో 1500 లీటర్ల నీళ్లంటే ఒకటిన్నర టన్ను, మనుషులు అదనం. ఆగుతుందా మరి!

మెత్తటి మట్టంతా తీసి, 15 సెం.మీ. కంకర రెండు పొరలుగా ప్లేట్ కాంపాక్టర్‌తో (నేలను అదిమి గట్టిపరిచే మెషీన్) దట్టించి, పైన ఇనుప మెష్‌తో 10 సెం.మీ. కాంక్రీట్ స్లాబ్ వేయించాను. 7 రోజులు నీళ్లతో క్యూరింగ్, 28 రోజులకి టబ్ నింపడం. వాన పైపు దూరంగా మళ్లించాను. అది చేయకపోతే మిగతాదంతా దండగ.

లీకేజీ వల్లో, పంపు వల్లో కుంగిందన్న అనుమానాలు ఉత్తవే. ఎత్తు సరిచేయడానికి మూల కింద చెక్కముక్కలు మాత్రం పెట్టకండి, బరువంతా ఒకేచోట పడి షెల్ (టబ్ తొట్టి భాగం) పగలొచ్చు.