'హరిత శైవలాలు' అనే శీర్షిక ఉంచాలా, తీసేయాలా? (స్పైరోగైరా ఎటు పోతుంది?)

నీటిబొట్టు:
మంచినీటి శైవలాల జాబితా ఒకటి కొత్తగా రాస్తున్నాం. పాత ప్రతిలో అన్నిటికీ కలిపి క్లోరోఫైసీ అని ఒకటే శీర్షిక, దాని కింద 1935లో శైవల శాస్త్రవేత్త ఫ్రిట్ష్ పెట్టిన తొమ్మిది క్రమాలు, వాల్వకేల్స్ నుంచి కేరేల్స్ దాకా ఉన్నాయి. ఇప్పుడు క్లోరోఫైటా, స్ట్రెప్టోఫైటా అని రెండుగా విడగొట్టమంటున్నారు. అలా చేస్తే స్పైరోగైరా, కేరా, క్లెబ్సోర్మీడియం ఒక వైపుకి, యూలోత్రిక్స్, క్లాడోఫోరా, సీనెడెస్మస్ ఇంకో వైపుకి పోతాయి. మధ్యేమార్గంగా పైన 'హరిత శైవలాలు' అని రాసి వదిలేస్తే తప్పా?

వంశవృక్షం:
తప్పే. నేల మీది మొక్కలన్నీ స్ట్రెప్టోఫైటా లోపలే పుట్టాయి. వాటిని బయట పెట్టి మిగతావాటికి హరిత శైవలాలు అని పేరు పెడితే, ఒక పూర్వికుడి సంతానంలో కొందరిని కలుపుకుని కొందరిని వెళ్లగొట్టినట్టు. మాట్లాడుకోవడానికి ఆ మాట పనికొస్తుంది, వర్గీకరణలో అంతస్తుగా పనికిరాదు. పైగా 2014 తర్వాత వచ్చిన పెద్ద జన్యు విశ్లేషణల్లో మొక్కలకు అన్నిటికంటే దగ్గరిది కేరా కాదు, జైగ్నిమటోఫైసీ అని మళ్లీ మళ్లీ తేలుతోంది. అంటే మీ స్పైరోగైరా ఉన్న తరగతే.

కటకం:
వచ్చారండీ. స్పైరోగైరాకి జీవితచక్రంలో ఎక్కడా కశాభం (కణం ఈదడానికి వాడే కొరడా) లేదు. సంయుగ్మంలో కణపదార్థం అమీబాలా పాకుతూ పక్క కణంలోకి పోతుంది. కేరాలో స్థిరమైన అండాశయం, కశాభాలున్న పురుషబీజకణం, కణువులు, శాఖలు అన్నీ ఉన్నాయి. వీటిలో మొక్కకు దగ్గరిది స్పైరోగైరా అని చెప్పే పద్ధతి మీద నాకు నమ్మకం కుదరదు. 18ఎస్ (రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు) చూసి కట్టిన బంధుత్వ చెట్లలో స్పైరోగైరా కొమ్మ ఎంత పొడుగ్గా వస్తుందో మీకు తెలియదా? పొడుగు కొమ్మలు, అంటే ఎక్కువగా మారిపోయిన సీక్వెన్సులు, బంధుత్వం లేకున్నా ఒకదాన్నొకటి లాక్కుంటాయన్నది మీవాళ్లు చెప్పిందే.

వంశవృక్షం:
అందుకే 18ఎస్ ఒక్కదాని మీద ఎవరూ నిలబడట్లేదు. వందల కేంద్రక జన్యువులు కలిపి కట్టిన చెట్లవి. లేనిదాన్ని బట్టి బంధుత్వం చెప్పకూడదు. జైగ్నిమటోఫైసీ కశాభాలను పోగొట్టుకుంది, అంతే. బీజాలతో పునరుత్పత్తి చేసే మొక్కల్లోనూ చాలావాటికి కశాభాల్లేవు కదా.

పాచిమెట్టు:
మరి యూగ్లీనా ఎటు? అదీ పచ్చగానే ఉంటుంది.

వంశవృక్షం:
ఎటూ కాదు. అది హరిత శైవలాన్ని మింగి హరితరేణువు సంపాదించింది, అందుకే దాని చుట్టూ మూడు పొరలు. పచ్చదనం ఉంది, వంశం వేరు.

కటకం:
సరే, అసలు విషయానికి రండి. క్లోరోఫైటా, స్ట్రెప్టోఫైటా అనే గీత గీసింది డీఎన్‌ఏ కాదు. 1970ల్లో పికెట్-హీప్స్, స్టూవర్ట్, మాటాక్స్ లాంటివాళ్లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కణవిభజన చూసి గీశారు. కణం రెండయ్యేటప్పుడు సూక్ష్మనాళికలు కొత్త గోడకు సమాంతరంగా పరుచుకుంటే ఫైకోప్లాస్ట్, లంబంగా నిలబడితే ఫ్రాగ్మోప్లాస్ట్. ఇది కళ్లతో చూసే లక్షణం. రూపం వల్ల వచ్చిన గౌరవాన్ని సీక్వెన్సు ఖాతాలో వేసుకోకండి.

వంశవృక్షం:
ఆ లక్షణం సగం దూరమే తీసుకెళుతుంది. క్లెబ్సోర్మీడియం స్ట్రెప్టోఫైటానే, కానీ దానికి ఫ్రాగ్మోప్లాస్ట్ లేదు, కణపొర లోపలికి నొక్కుకుని విడిపోతుంది. స్పైరోగైరాలో ముందు నొక్కు వచ్చి, చివర్లో చిన్న ఫ్రాగ్మోప్లాస్ట్ వస్తుంది. ట్రెంటిపోలియా, గోడల మీదా బెరళ్ల మీదా నారింజ రంగులో కనిపించేది, క్లోరోఫైటాలోని అల్వోఫైసీకి చెందుతుంది. దానికి ఫ్రాగ్మోప్లాస్ట్ లాంటి ఏర్పాటే ఉంది! ఇప్పుడు మీ గీత ఎక్కడ?

కటకం:
ట్రెంటిపోలియా మినహాయింపు. మినహాయింపు చూపించి నియమాన్ని కొట్టేయడం మీ అలవాటు.

వంశవృక్షం:
మూడు ఉదాహరణలిచ్చాను. ఒకటే చదివారు.

తేలుడుజీవి:
మీరిద్దరూ ఫ్రాగ్మోప్లాస్ట్ వదలండి. నీటిబొట్టు గారి బల్ల మీద ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఉండదు. యూలోత్రిక్స్, క్లెబ్సోర్మీడియం మామూలు సూక్ష్మదర్శినిలో విడదీయగలరా, లేదా? అది చెప్పండి.

కటకం:
విడదీయొచ్చు. రెండూ కొమ్మల్లేని సన్నటి తంతువులే, రెండింటికీ గోడవారగా ఒకే హరితరేణువు. 400 రెట్ల కింద ఇవి చూడండి.

ముందు తంతువు మొదలు చూడాలి. యూలోత్రిక్స్‌లో అడుగు కణం పట్టుకణంగా మారి ఉంటుంది, క్లెబ్సోర్మీడియంలో అలాంటిది ఉండదు. కాకపోతే తెగిన ముక్కలో అడుగు కణం దొరకదు, కాబట్టి దొరకలేదు అన్నది ఆధారం కాదు. తర్వాత హరితరేణువు. యూలోత్రిక్స్‌లో పట్టీలా కణాన్ని చుట్టుకుంటుంది. క్లెబ్సోర్మీడియంలో పలకలా సగమో ముప్పావో కప్పి ఆగుతుంది, సాధారణంగా ఒకే పైరినాయిడ్ (హరితరేణువులో పిండిపదార్థం చుట్టూ చేరే గుండ్రటి భాగం). తంతువును దొర్లించి అన్ని వైపుల నుంచీ చూడాలి, ఒక కోణంలో రెండూ ఒకేలా ఉంటాయి. లుగోల్ అయోడిన్ ఒక చుక్క వేస్తే పైరినాయిడ్ చుట్టూ పిండిపదార్థం నల్లబడి తేలిగ్గా కనిపిస్తుంది. కానీ అయోడిన్ వేశాక హరితరేణువు అంచు మసకబారుతుంది, కనుక అంచు ముందే చూసి బొమ్మ గీసుకోవాలి.

తేల్చేది సిద్ధకణాలు (తంతువు నుంచి బయటికొచ్చి ఈదే బీజకణాలు). అగర్ మీద పెరిగినదాన్ని తాజా ద్రవ మాధ్యమంలోకి మార్చి, ఒక రాత్రి చీకట్లో ఉంచి, వెలుగులోకి తెచ్చి చూడండి. నాలుగు కశాభాలున్నవి వస్తే యూలోత్రిక్స్, రెండే ఉంటే క్లెబ్సోర్మీడియం. యూలోత్రిక్స్ సంయోగబీజాలకూ రెండే కశాభాలు, అవి ఇంకా చిన్నవి. వాటిని చూసి మోసపోకూడదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

వంశవృక్షం:
సిద్ధకణాలు రాకపోతే? చాలాసార్లు రావు. అప్పుడు గొడ్డలి తీయక తప్పదు. గుండ్రటి పచ్చ కణాల దగ్గర మీ గోరు అసలే పనిచేయదు. 2 నుంచి 10 మైక్రాన్ల బంతి, గిన్నెలాంటి హరితరేణువు, ఒక పైరినాయిడ్. 1890లో బైజరింక్ క్లోరెల్లా అని పేరు పెట్టాక అలా కనిపించిన ప్రతిదాన్నీ అందులోనే వేశారు. 18ఎస్ చూస్తే అవి ట్రెబూక్సియోఫైసీ, క్లోరోఫైసీ అని రెండు తరగతుల్లో చెల్లాచెదురయ్యాయి. అసలు క్లోరెల్లాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పైగా జిగురులో గుంపులుగా పెరిగే డిక్టియోస్ఫేరియం రూపాలు కొన్ని క్లోరెల్లా లోపలికి వచ్చి పడ్డాయి. రూపం రెండు వైపులా మోసం చేసింది.

కటకం:
సీనెడెస్మస్ గురించి కూడా చెప్పేయండి, ఎలాగూ అక్కడికే వస్తారు.

వంశవృక్షం:
వస్తాను. డాఫ్నియా (శైవలాలను తినే చిన్న నీటిజీవి) ఉన్న నీటిలో సీనెడెస్మస్ నాలుగు, ఎనిమిది కణాల బద్దలు కడుతుంది, ఒంటరిగా పెంచితే విడి కణాలుగా మిగిలిపోతుంది. డాఫ్నియా అక్కర్లేదు, అది తిరిగిన నీళ్లు వడకట్టి పోసినా చాలు. కణాల సంఖ్యను బట్టి జాతి రాసినవాళ్లు డాఫ్నియాను లెక్కపెట్టినట్టే.

పాచిమెట్టు:
ఇది బాగుంది :)

కటకం:
నవ్వండి. నమూనాలు పరీక్షకు వెళ్తే, పేరు పక్కన సీక్వెన్సు లేదని జాబితా తిప్పి పంపుతున్నారు. రూపం రాసి, కొలత రాసి, ఫొటో పెట్టినా సరే. ఎదురు సందర్భంలో ఎవరూ అడగరు. ఏ కణం నుంచి తీశారో ఒక్క ఫొటో లేకుండా సీక్వెన్సులు ఎక్కించేస్తారు. ఆ డేటాబేసులో 'క్లోరెల్లా' అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో సూక్ష్మదర్శినిలో చూసి పెట్టిందే. మీ 99 శాతం పోలిక ఆ పేరు తప్పయితే తప్పే.

వంశవృక్షం:
కోపం అర్థమైంది, కానీ అది వర్గీకరణ మీద కాదు.

కటకం:
వర్గీకరణ మీదే. 1999లో ఐటీఎస్2 అనే డీఎన్‌ఏ భాగం చూసి ముళ్లున్న సీనెడెస్మస్‌లను డెస్మోడెస్మస్ అన్నారు. 2003లో ఎంటరోమార్ఫాను అల్వాలో కలిపారు. మంచిదే. అయితే దశాబ్దాలుగా అదే నీటిని లెక్కిస్తున్నవాళ్ల పట్టికలో ఆ ఏడు సీనెడెస్మస్ ఒక్కసారిగా పడిపోయి డెస్మోడెస్మస్ సున్నా నుంచి లేచింది. నీళ్లలో ఏమీ మారలేదు. ఈ విరుపును సరిచేసే పని పేరు మార్చినవాళ్లకు పడదు, లెక్కపెట్టేవాళ్లకు పడుతుంది.

వంశవృక్షం:
ఇదన్నమాట అసలు సంగతి. ముందే చెబితే ఫ్రాగ్మోప్లాస్ట్‌తో రెండు పేజీలు పోయేవి కావు. పేరు స్థిరంగా ఉండాలి అంటారు మీరు. పేరు వంశాన్ని చెప్పాలి అంటాను నేను. రెండూ ఒకే గడిలో పట్టవు. ముళ్లున్నవి, లేనివి అని పాత నోటుపుస్తకంలో విడిగా రాసి ఉంటే పాత లెక్కను ఇప్పటికీ విడదీయొచ్చు. పేరు మాత్రమే రాసి ఉంటే ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

నీటిబొట్టు:
అయితే రెండు గడులు పెడతాను. ఒకదాంట్లో కంటికి కనిపించింది: 'కొమ్మల్లేని తంతువు, పలక హరితరేణువు, ఒక పైరినాయిడ్, వెడల్పు ఇన్ని మైక్రాన్లు'. రెండోదాంట్లో పేరు, ఆ పేరు దేని ఆధారంగా పెట్టామో. శీర్షిక క్లోరోఫైటా, స్ట్రెప్టోఫైటాలే. స్పైరోగైరాకు 18ఎస్ చేద్దామని పీసీఆర్‌లో ఆ జన్యువును కాపీలు చేస్తే, జెల్ మీద 1800 బేస్‌ల దగ్గర రావాల్సిన పట్టీ ఇంకా పైన, అంటే ఎక్కువ పొడుగుతో, వచ్చింది. కల్తీ అంటారా?

వంశవృక్షం:
కంగారు పడొద్దు. జైగ్నిమటోఫైసీలో 18ఎస్ చివరి భాగంలో గ్రూప్-1 ఇంట్రాన్ (జన్యువు మధ్యలో చొరబడిన అదనపు ముక్క) ఉండటం మామూలే, అందుకే కొన్ని వందల బేస్‌లు పెరుగుతాయి. పొడుగు పట్టీని కూడా సీక్వెన్సు చేయండి, చెట్టు కట్టేముందు ఇంట్రాన్ కత్తిరించండి. పట్టీ అసలు రాకపోతే జిగురు పాలిశాకరైడ్లు పీసీఆర్‌ను ఆపుతున్నాయని అనుమానించి డీఎన్‌ఏను పదింతలు పలచన చేసి మళ్లీ వేయండి. ఫార్మలిన్‌లో వేసిన నమూనాతో ప్రయత్నించకండి. సగం నమూనా 95 శాతం ఇథనాల్‌లో, సగం లుగోల్‌లో దాచండి.

తేలుడుజీవి:
2020లో ప్రతిపాదించిన మరో హరిత విభాగం ప్రాసినోడెర్మోఫైటాకు మూడో శీర్షిక?

వంశవృక్షం:
ఈ జాబితాకు అక్కర్లేదు, దాని సభ్యులు ఎక్కువగా సముద్రంలోవే.

కటకం:
స్పైరోగైరాకు జాతి పేరు మాత్రం రాయొద్దు. జైగోస్పోర్ (సంయుగ్మం తర్వాత గట్టి గోడతో ఏర్పడే బీజం) దొరికి, దాని మధ్యగోడ మీది చెక్కడం చూసేదాకా 'స్పైరోగైరా' అని ఆపేయాలి. తంతువు వెడల్పును బట్టి జాతి తేల్చినవాళ్లున్నారు. ఒకే తంతువు నుంచి పెంచిన సంతతిలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపయి వెడల్పు మారిన సందర్భాలున్నాయి.

వంశవృక్షం:
ఇందులో నాకు పేచీ లేదు. కానీ అది కనుక్కున్నది క్రోమోజోములు లెక్కపెట్టి అని గుర్తుంచుకోండి.

కటకం:
సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టి.