డాబా మీది వాన నీటితో పెరట్లో వాన తోట: పల్లం ఎంత, మొక్కలు ఏవి?

ప్రశ్న:
హైదరాబాద్ శివారులోని మా డాబా సుమారు 100 చదరపు మీటర్లు ఉంటుంది. వాన కురిస్తే నీరంతా గొట్టం గుండా వీధి పాలవుతోంది. ఇంకుడు గుంతకు బదులు, ఆ నీటిని పెరట్లో లోతు తక్కువ పల్లంలోకి మళ్లించి, మన నేలకు అలవాటైన మొక్కలు పెంచాలని ఉంది. మాది ఎర్రనేల. దోమలు చేరతాయేమోనని ఇంట్లోవారి భయం. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1:
ముందుగా నేలను పరీక్షించండి. అడుగు లోతు గుంత తీసి, నీరు పోసి ఒకసారి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, పుల్ల గుచ్చి, నీటి మట్టం వద్ద గీత పెట్టుకోండి. గంటకు అర అంగుళం దిగినా ఆరంగుళాల నీరు పూటలో ఇంకిపోతుంది. దోమ గుడ్డు రెక్కల దోమ కావడానికి దాదాపు వారం పడుతుంది కనుక మీ ఇంట్లోవారు నిశ్చింతగా ఉండవచ్చు.

మీ డాబాపై 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,500 లీటర్లు వస్తాయి. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతున్న పల్లంలో 2,250 లీటర్లు పడతాయి. మిగిలినది పొర్లిపోవడానికి దిగువ గట్టుకు గండి వదలండి. పునాదికి కనీసం 3 మీటర్ల దూరం తప్పనిసరి.

జవాబు 2:
మొక్కల ఎంపికలోనే చాలామంది పొరబడతారు. నీటి మొక్కలని వస వంటివి నాటితే వేసవిలో ఎండిపోతాయి, ఎందుకంటే ఈ పల్లంలో నీరు నిలిచేది ఏడాదిలో కొద్ది రోజులే, మిగతా కాలమంతా అది మెట్టనేలే. రెండింటినీ ఓర్చుకునేది వట్టివేరు. పిలకలను జానెడు ఎత్తున కత్తిరించి, పల్లం అడుగుభాగంలో జానెడు ఎడంతో నాటండి. వాలు మీద వాగుల ఒడ్డున పెరిగే వావిలి, నీరు నిలవని గట్టు మీద తంగేడు బాగుంటాయి. మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డాక నాటితే వేళ్లు త్వరగా పట్టుకుంటాయి.

జవాబు 3:
మాది గుంటూరు వైపు నల్లరేగడి. లోతుగా తవ్వించడం వల్ల మొదటి ఏడు నాలుగు రోజులు నీరు నిలిచి వావిలి కుళ్లింది. రేగడి తడిసి ఉబ్బితే నీటిని దిగనివ్వదు. ఇప్పుడు లోతు సగానికి తగ్గించి, వెడల్పు పెంచి, మట్టిలో ఇసుక, పశువుల ఎరువు దండిగా కలిపాము. గొట్టం కింద గుండ్రాళ్లు పరవడం మరువకండి, లేకపోతే ధార పడినచోట మట్టి కోసుకుపోయి వేళ్లు బయటపడతాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న పుల్ల గుచ్చి చూశాను, గంటలో అంగుళానికి పైగా దిగింది. గోడకు దూరంగా ముగ్గు పోసి హద్దులు గీశాను. ఈ వారమే తవ్వకం మొదలుపెడతాను.