ప్రెయిరీకి ఎల్క్ తిరిగొచ్చింది, అది మేసే గడ్డికి డబ్బు ఎవరు కట్టాలి?

మురళి, మెడిసిన్ హ్యాట్ (అల్బర్టా):

మా ఊరి పక్కనున్న సఫీల్డ్ సైనిక స్థావరంలోని ఎల్క్ మందల మీద ఇక్కడ ఏళ్ల తరబడి గొడవ నడుస్తోంది. ప్రెయిరీలో, అంటే కెనడా, అమెరికా గడ్డి మైదానాల్లో ఉండే మనవాళ్లు ఈ వేదికలో చాలామందే ఉన్నారు కదా, మీరేమంటారో తెలుసుకోవాలని రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. ఎల్క్ పెద్ద జాతి దుప్పి, మగది 300 కిలోలు దాటుతుంది. ఇప్పుడు అందరూ దాన్ని కొండల జంతువు అనుకుంటారు గానీ ఒకప్పుడు ఈ మైదానాలన్నిటా ఉండేది. 1804లో బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం మిస్సోరీ నది వెంట మందలు మందలుగా చూసింది. ఆ తర్వాత తుపాకీ, నాగలి రెండూ కలిసి 1900 నాటికి మైదానాల్లో దాదాపు లేకుండా చేశాయి. కొండల్లో ఉన్నవే బతికాయి.

సఫీల్డ్ సుమారు 2,700 చదరపు కిలోమీటర్లు. 1941లో సైన్యం చేతికి వెళ్లడం వల్లే అక్కడి నేల చాలావరకు దున్నకుండా మిగిలింది. అందులో తిరిగే అడవి గుర్రాలు గడ్డిని పాడు చేస్తున్నాయని 1994లో తీసేశారు, సుమారు 1,200 గుర్రాలు. వాటి చోటు నింపడానికి 1997, 98లలో ఎల్క్ ఐలాండ్ నేషనల్ పార్కు నుంచి 200కు పైగా ఎల్క్‌లను తెచ్చి వదిలారు. అక్కడ తోడేళ్లు లేవు. అప్పట్లో వేటగాళ్లను స్థావరం లోపలికి రానిచ్చేవారు కాదు. పదిహేనేళ్లు తిరిగేసరికి మంద వేలకు చేరింది. రాత్రిపూట బయటికొచ్చి బార్లీ చేలల్లో పడతాయి, ఎండుగడ్డి చుట్టల్ని చీల్చుకు తింటాయి, తెల్లవారేసరికి లోపలికి వెళ్లిపోతాయి. ర్యాంచర్లు, అంటే పెద్ద బీళ్లలో పశువులు పెంచేవాళ్లు, మొత్తుకోగా మొత్తుకోగా 2012లో లోపల కూడా వేటకు అనుమతి వచ్చింది.

నేను ట్రాక్టర్ విడిభాగాల షాపులో పని చేస్తాను, ర్యాంచర్లు రోజూ వస్తుంటారు. పశువుల కోసం దాచుకున్న గడ్డి ఫిబ్రవరిలోనే అయిపోయిన మనిషితో మాట్లాడాక, ప్రకృతి తిరిగొస్తోందని సంబరపడటం నావల్ల కాదు. అలాగని ఎల్క్ ఉండొద్దని అనను. ఉండాలి. ఈ నేల దానిది కూడా. కానీ తెచ్చి వదిలింది ప్రభుత్వం, మేపుతున్నది పక్కనున్న ర్యాంచర్. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఎంతకాలం?

సుజాత, సాస్కటూన్:

మురళి గారూ, ర్యాంచర్ల నష్టం నిజమే, కాదనను. మీరు లెక్కను 1997 నుంచి మొదలుపెట్టారు, నా అభ్యంతరం అక్కడే. 1889లో విలియం హోర్నడే అనే జంతుశాస్త్రవేత్త లెక్క కడితే ఈ ఖండం మొత్తంలో 1,091 బైసన్‌లు (ఇక్కడి అడవి దున్నలు) తేలాయి. అంతకు ముందు అవి కోట్లలో ఉండేవి. ఎల్క్, తోడేలు, మైదానాల గ్రిజ్లీ ఎలుగు, అన్నిటిదీ అదే కథ. ఆ నష్టానికి ఎవరూ పరిహారం అడగలేదు. అడిగే నోరు వాటికి లేదు కాబట్టే అడగలేదు.

పెద్ద మేత జంతువులు లేకపోతే ప్రెయిరీ ఊరికే గడ్డి పొలంగా మిగిలిపోతుంది. కాన్సాస్‌లోని కోంజా ప్రెయిరీలో దాదాపు 30 ఏళ్లు గమనించి 2022లో ఫలితాలు ప్రకటించారు. బైసన్ తిరిగే చోట స్థానిక మొక్కల జాతులు, ఏ జంతువూ మేయని చోటుతో పోలిస్తే రెట్టింపయ్యాయి. ఆవులు మేసే చోట కూడా పెరిగాయి, కానీ చాలా తక్కువ. బైసన్ ఒక చోట గడ్డిని నున్నగా కొరికేస్తుంది, పక్కనే వదిలేస్తుంది. మట్టిలో దొర్లి గుంటలు చేస్తుంది, వాటిలో వాన నీళ్లు నిలుస్తాయి. పొట్టి గడ్డి కావలసిన పిట్టకు పొట్టి గడ్డి, పొడుగు గడ్డి కావలసిన పిట్టకు పొడుగు గడ్డి దొరుకుతుంది. 1970 నుంచి ఉత్తర అమెరికాలో గడ్డి మైదానాల పక్షులు సగానికి పైగా తగ్గిపోయాయి. మా సాస్కచ్వాన్ రాష్ట్రంలో గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకు 2005 చివర్లో 71 బైసన్‌లను తెచ్చారు. వెళ్లి చూడండి. అది చూశాక ఇంకా ఎక్కువ జంతువులు రావాలనే అనిపిస్తుంది.

డాక్టర్ రామకృష్ణ, లెత్‌బ్రిడ్జ్:

నేను పశువైద్యుణ్ణి. సుజాత గారూ, మీరు చెప్పింది బైసన్ గురించి, అడిగింది ఎల్క్ గురించి. ఈ రెంటికీ పెద్ద తేడా ఒక జబ్బు దగ్గర ఉంది.

క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, సి.డబ్ల్యు.డి. అంటారు. జింక జాతికి వచ్చే మెదడు జబ్బు. జంతువు నెలల తరబడి చిక్కి, తూలుతూ చచ్చిపోతుంది. మందు లేదు, టీకా లేదు. దానికి కారణమైన ప్రియాన్లు (రూపం చెడిన ప్రొటీన్లు) మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. సాస్కచ్వాన్‌లో ఇది మొదట కనబడింది అడవిలో కాదు, 1996లో ఒక ఎల్క్ ఫారంలో. దక్షిణ డకోటా నుంచి కొనితెచ్చిన ఎల్క్‌లతో వచ్చింది. 2000లో అక్కడి అడవి జింకల్లో, 2005లో అల్బర్టా అడవి జింకల్లో దొరికింది. ఇప్పుడు మా ఆగ్నేయ అల్బర్టా అంతా ఆ జబ్బు ఉన్న నేలే.

మనుషులకు సోకినట్టు రుజువు లేదు, ఆవులకు సహజంగా సోకినట్టూ లేదు. కానీ ఎల్క్‌లు గుంపుగా ఒకే గడ్డివాము చుట్టూ చేరి తింటే జబ్బు పాకడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. అందుకని నా మాట ఒకటే: ఎల్క్ తనంతట తాను నడిచి వస్తే రానివ్వండి, లారీల్లో ఎక్కించి తెచ్చి వదలొద్దు.

కిరణ్, ఫార్గో:

డాక్టర్ గారు చెప్పిందానికి మా నార్త్ డకోటాలోనే ఉదాహరణ ఉంది. థియోడోర్ రూజ్‌వెల్ట్ నేషనల్ పార్కులో 1985లో 47 ఎల్క్‌లను వదిలారు, విండ్ కేవ్ పార్కు నుంచి తెచ్చి. బాగా పెరిగాయి. ఎక్కువైనవాటిని మొదట్లో పట్టి వేరే చోట్లకు పంపేవారు. సి.డబ్ల్యు.డి. భయంతో ఆ దారి మూసేశారు. 2010కి వెయ్యి దాటేసరికి ఏం చేయాలో తెలియక, వాలంటీర్లను పార్కు సిబ్బంది వెంట పంపి కాల్పించారు. నేషనల్ పార్కులో వేట నిషేధం కాబట్టి దాన్ని వేట అనకుండా తగ్గింపు అన్నారు. మాంసం ఆహార బ్యాంకులకు, గిరిజన తెగలకు కూడా ఇచ్చారు. ఆ వివాదం అంతా నడిచింది 47 జంతువులను వదిలే రోజున ఎన్నయితే ఆపాలి, ఎలా ఆపాలి అని తేల్చుకోకపోవడం వల్లే అని నా అభిప్రాయం.

సుజాత, సాస్కటూన్:

మీ ఇద్దరి మాటలూ కలిపి చూడండి. లారీల్లో తేవొద్దు, తుపాకీతో తగ్గించాలంటే గొడవ. మరి ఈ పనికి ప్రకృతిలో ఉన్నది ఎవరు? తోడేలు. జబ్బుపడి వెనకబడినదాన్ని మొదట పట్టేది అదే. వేట జంతువు లేకుండా మేత జంతువును మాత్రమే వదిలి, ఎక్కువైపోయింది అంటే ఎలా?

మురళి, మెడిసిన్ హ్యాట్:

సుజాత గారూ, సఫీల్డ్‌లో తోడేళ్లను వదిలితే అవి లోపలే ఉండవు. ఎల్క్ దాటిన కంచెను తోడేలు దాటదా? బయట ఉన్నవి తల్లి ఆవులు, దూడలు. తోడేలు చంపిందని పరిహారం అడగాలంటే కళేబరం దొరకాలి, దాని మీద గాట్లు కనబడాలి. వేల ఎకరాల బీడులో నాలుగు రోజుల తర్వాత ఏం దొరుకుతుంది?

ఇంకో సంగతి. మన చర్చల్లో ర్యాంచర్ ఎప్పుడూ ప్రకృతికి ఎదురు నిలబడ్డవాడిగా వస్తాడు. దున్నని ప్రెయిరీ ఇవాళ ఇంకా మిగిలి ఉందంటే అది ఎక్కువగా పశువులు మేసే చోటే. సాస్కచ్వాన్‌లో అసలు ప్రెయిరీలో ఐదో వంతు మిగలడమే గొప్ప. పశువుల మీద గిట్టుబాటు కాని రోజున ర్యాంచర్ భూమి అమ్ముతాడు. కొన్నవాడు దున్ని కనోలా, గోధుమ వేస్తాడు. ఒకసారి తిరగేసిన ప్రెయిరీ మన జీవితకాలంలో మళ్లీ ప్రెయిరీ కాదు. ఎల్క్ పెట్టే నష్టం ర్యాంచర్‌ను ఆ దిక్కుకు నెడితే ఎల్క్‌కూ చోటుండదు, మీ పిట్టలకూ ఉండదు. నాకు టెన్షన్ అంతా దాని గురించే.

ఓబులేసు, నందికొట్కూరు:

నేను అమెరికా చూడలేదు గానీ మురళి అన్న మాట మా దగ్గర జరిగింది. మా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. గడ్డికి కాపలా వచ్చేసరికి కృష్ణజింకలు వందల్లో పెరిగాయి. అభయారణ్యం చిన్నది, చుట్టూ చేలు. జింకలు వచ్చి పైరు మేస్తే రైతులకు అటవీ శాఖ మీద, చివరికి ఆ పిట్ట మీద కూడా కోపం వచ్చింది. చుట్టుపక్కల బీళ్లు కూడా దున్నేశారు. ఇప్పుడు జింకలున్నాయి, బట్టమేక లేదు. పక్కనున్న రైతును కాదని గడ్డి జంతువును కాపాడటం కుదరదన్నా.

సుజాత, సాస్కటూన్:

ఓబులేసు గారూ, ఈ సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. కానీ మనం పిలిచినా పిలవకపోయినా జంతువులు వస్తున్నాయి. మోంటానాలో రాకీ కొండల నుంచి గ్రిజ్లీ ఎలుగులు నదుల వెంట గోధుమ పొలాల దాకా దిగుతున్నాయి. దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ కొండల నుంచి కొండసింహాలు నెబ్రాస్కాకు చేరి అక్కడే పిల్లల్ని పెడుతున్నాయి. అక్కడిదే ఒకటి కనెక్టికట్ దాకా నడిచి వెళ్లి 2011లో కారు కింద పడింది. మా దగ్గర పొలాల్లో మూస్‌లు (ఎల్క్ కంటే పెద్ద జాతి దుప్పులు) మామూలైపోయాయి, రాత్రి రోడ్డు మీద జాగ్రత్తగా నడపాలి. నెబ్రాస్కాలో ఎల్క్‌ను ఎవరూ పనిగట్టుకుని తేలేదు. 1950, 60లలో పడమటి నుంచి తనే వచ్చింది, 1986లో వేట సీజను పెట్టేంత పెరిగింది. కాబట్టి రానివ్వాలా వద్దా అన్నది ఇక మన చేతిలో లేదు.

లక్ష్మి, మిస్సోలా:

సుజాతక్కా, నీతో ఒప్పుకుంటూనే ఒక మాట. మోంటానాలో ఎల్క్ సమస్య సంఖ్యది మాత్రమే కాదు, అవి ఎక్కడ నిలబడ్డాయన్నది. వేట సీజను మొదలవగానే తుపాకీ మోత వినబడని భూమి ఏదో అవి పసిగడతాయి. ధనవంతులు కొన్న పెద్ద ర్యాంచ్‌లలో బయటివాళ్లకు వేటకు అనుమతి ఉండదు, మందలన్నీ అక్కడికి చేరతాయి. చలికాలంలో పక్కనున్న చిన్న ర్యాంచర్ గడ్డివాము తింటాయి. మురళి గారి సైనిక స్థావరంలో జరిగిందీ ఇదే.

ఇక్కడ పనికొస్తున్నవి రెండు చెప్తాను. వేటగాళ్లను తమ భూమిలోకి రానిచ్చే రైతుకు రాష్ట్రం డబ్బు ఇస్తుంది. రెండోది, అమెరికన్ ప్రెయిరీ అనే సంస్థ పక్క ర్యాంచర్ల భూముల్లో కెమెరాలు పెట్టించి, వాటిలో అడవి జంతువులు పడితే ఫొటోలకు డబ్బు చెల్లిస్తుంది. ఆ సంస్థ భూములు కొని బైసన్‌ను తిప్పుతోందని చాలామంది ర్యాంచర్లకు కోపం. దానికి వ్యతిరేకంగా, కౌబాయ్‌ని కాపాడండి అంటూ రోడ్ల పక్కన బ్యానర్లు కనబడతాయి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. 1987లో ఫ్రాంక్, డెబోరా పాపర్ అనే దంపతులు, జనం ఖాళీ అవుతున్న మైదానాలను బైసన్‌కు వదిలేద్దామని ప్రతిపాదించినప్పటి నుంచి, మమ్మల్ని ఖాళీ చేయించడానికే ఇదంతా అన్న భయం వాళ్లలో పోలేదు. కానీ నష్టం జరిగాక పరిహారం ఇవ్వడం వేరు, జంతువు ఉన్నందుకు డబ్బు ఇవ్వడం వేరు. రెండో పద్ధతిలో ఎల్క్ కనబడితే రైతుకు ఆదాయం.

వెంకట్, రెజీనా:

ఇంతసేపూ ర్యాంచర్లు, ప్రభుత్వం, మనలాంటి పట్నం మనుషులు అనే మాట్లాడుకున్నాం. ఈ జంతువులతో వేల ఏళ్లు బతికిన ప్రజలు ఇక్కడే ఉన్నారు. బైసన్ పోయాక 1883-84 చలికాలంలో మోంటానాలో బ్లాక్‌ఫీట్ ప్రజలు వందల మంది ఆకలితో చనిపోయారు. ఎల్క్ నోట్లో ఏనుగు దంతం లాంటి పళ్లు రెండే ఉంటాయి. క్రో తెగ ఆడవాళ్ల పండగ బట్టల మీద అలాంటివి వందలు కుట్టి ఉంటాయి, అంటే ఆ ఇంటి వేటగాళ్లు ఎన్ని ఏళ్లు తిరిగారో ఆలోచించండి. 2014లో సరిహద్దుకు రెండు పక్కల తెగలు కలిసి బైసన్ తిరిగి రావాలని ఒప్పందం చేసుకున్నాయి. 2016లో ఎల్క్ ఐలాండ్ నుంచి 87 బైసన్ దూడలు బ్లాక్‌ఫీట్ భూమికి చేరాయి, 2023లో కొన్నిటిని కంచె లేకుండా వదిలారు. వాళ్లలోనూ ఆవులు పెంచేవాళ్లున్నారు, వాళ్లకూ అభ్యంతరాలున్నాయి. వాళ్లు తమలో తాము కూర్చుని తేల్చుకున్నారు. సఫీల్డ్‌లో ఎల్క్ ఎన్ని ఉండాలో తేల్చే చోట ఈ ప్రజలకు కుర్చీ వేయకుండా న్యాయం గురించి మాట్లాడకూడదు.

మురళి, మెడిసిన్ హ్యాట్:

వెంకట్ గారూ, పూర్తిగా ఒప్పుకుంటాను.

లక్ష్మి గారు చెప్పింది ఇక్కడికి అసలైన అవసరం. అల్బర్టాలో నిలబడి ఉన్న పంటకు, నిల్వ చేసిన ఎండుగడ్డికి పరిహారం అడగొచ్చు. పశువుల కోసం వదిలిన బీడు గడ్డిని ఎల్క్ మేస్తే ఏమీ రాదు. దున్నకుండా ఉంచినవాడికే సున్నా! కంచె సంగతీ అంతే. జంతువులు సులువుగా దాటాలంటే పై తీగ 40, 42 అంగుళాలకు మించకూడదు, కింది తీగ నేలకు 16 అంగుళాలైనా ఎత్తులో ఉండాలి. కిలోమీటర్ల కొద్దీ కంచెను అలా మార్చే ఖర్చు ర్యాంచర్ నెత్తిన పడకూడదు. సుజాత గారూ, సూటిగా అడుగుతున్నాను: సాస్కటూన్‌లో, కాల్గరీలో ఉండేవాళ్లు దీనికి పన్ను కడతారా?

సుజాత, సాస్కటూన్:

నా వంతు కడతాను. ఎకరాకు ఇంత అని, దున్నకుండా ఉంచిన ప్రతి ర్యాంచర్‌కూ ఏటా ఇవ్వాలి. ఎల్క్ వచ్చిందా, ఎంత తిన్నది అని ఎవరూ వచ్చి కొలవక్కర్లేదు. అయితే ఆ డబ్బు తీసుకున్నాక మందను పాతికకో యాభైకో దించమని అడగకూడదు. ఎన్ని ఉండాలన్నది గడ్డి పరిస్థితి చూసి నిర్ణయించాలి, ఫిర్యాదుల సంఖ్య చూసి కాదు.

డాక్టర్ రామకృష్ణ, లెత్‌బ్రిడ్జ్:

గడ్డితో పాటు జబ్బునూ చూడాలమ్మా. వేటాడిన ప్రతి ఎల్క్ తలా పరీక్షకు వెళ్లాలి, ఆ ఖర్చు వేటగాడి మీద వేయకూడదు. జబ్బు శాతం పెరుగుతుంటే గడ్డి ఎంత బాగున్నా మందను తగ్గించాల్సిందే. ఈ విషయంలో నేను మెత్తబడను.

సుజాత, సాస్కటూన్:

పరీక్షకు సరే డాక్టర్ గారూ. జబ్బు పేరు చెప్పి మందను తుడిచిపెట్టే పనికి మాత్రం ఒప్పుకోను. జింకల్లో జబ్బు ఎలాగూ ఉంది, ఎల్క్‌లను తీసేసినా మట్టిలో ప్రియాన్లు పోవు. పరిమితి ఎంతో మీరు ఒక అంకె చెప్పండి, దాని మీద మాట్లాడదాం.