సమస్యాపూరణం: సినిమ పాట విన్నఁ జెవులు చెడును

సంచాలకుడు: ఈసారి సమస్య ఆటవెలది పద్యపు నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ మీరు కట్టి దాన్ని పూరించాలి. మొన్న హనుమకొండలో ఒక సాహితీ గోష్ఠి ముగిశాక కొత్త సినిమా పాటను కూనిరాగం తీస్తున్న కుర్రవాణ్ణి పెద్దాయన ఒకరు అందరి ముందు ఈ మాటతోనే చిన్నబుచ్చగా, అతడు ఫోను జేబులో వేసుకొని ఊరకుండిపోయాడు. పాదం మార్చకుండా ఆ కుర్రవాని పక్షం వహించాలి. 'మాలా' అన్నది తెలుగులో 'మాల' అయినట్లే 'సినిమా'ను హ్రస్వం చేశాను. ఒప్పనివారితో తగవు లేదు.

జనగామ సభ్యుడు:

పెండ్లినాడు డీజె పెట్టెలు పగులంగ
గుండె యదరునట్లు కొట్టిరేని
త్యాగరాజకృతికె తల దిమ్ముపట్టును
సినిమ పాట విన్నఁ జెవులు చెడును

సంచాలకుడు: బరాతులో డీజే వెనుక నడిచినవారికి రెండో పాదం అతిశయోక్తి అనిపించదు. అయితే అన్నా, మీరు నేరాన్ని పాట మీది నుంచి మోత మీదికి మార్చారే గాని పాటను సమర్థించలేదు. పెద్దాయన మెల్లగా పాడిన పాటనే కదా తప్పుబట్టింది!

కరీంనగర్ సభ్యురాలు:

పాట నాపె నాఁడు ప్రభుత రేడియొలోన
సింహళంబు వైపు చెవులు సాగె
మంత్రి యొకఁడు నమ్మె మనసార నీమాట
సినిమ పాట విన్నఁ జెవులు చెడును

సంచాలకుడు: 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో సినిమా పాటలు ఆకాశవాణి నుంచి దాదాపుగా తప్పుకోవడం, శ్రోతలు సింహళపు రేడియో సిలోన్‌కు మళ్ళడం, తుదకు 1957లో సినిమా పాటలు వినిపించే వివిధ భారతి ఆకాశవాణిలోనే పుట్టడం తెలిసినవారికి రెండో పాదం నవ్వు తెప్పిస్తుంది. 'సిం'కు 'చె'తో యతి (పాదంలో అక్షరాల మైత్రి) చక్కగా కుదిరింది. 'ప్రభుత' మాత్రం కొంచెం బిగిసింది.

వరంగల్ సభ్యుడు:

మార్గమొకటె కాదు, మన జాయసేనాని
దేశినృత్తమునకుఁ దెఱువు వేసె;
ఓరుగల్లువాఁడ వోయి! యెట్లంటివి
సినిమ పాట విన్నఁ జెవులు చెడును?

సంచాలకుడు: కాకతీయ గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల సేనకు అధిపతి) జాయప 1254 ప్రాంతంలో రచించిన నృత్తరత్నావళిలోని ఎనిమిది అధ్యాయాల్లో నాలుగింటిని మార్గానికీ (శాస్త్రీయ పద్ధతికి) నాలుగింటిని దేశికీ (జనంలోని పద్ధతికి) కేటాయించాడు. జనం ఆడుకొనే ఆటకు సగం గ్రంథమిచ్చిన ఊరిలో కూర్చొని జనం పాడుకొనే పాటను ఈసడించడం తగునా అని నిలదీయడం నాకు బాగా నచ్చింది.

కాజీపేట సభ్యుడు: పద్యం బాగున్నది గాని, దేశికి తెఱువు వేసింది జాయప కాదు. అప్పటికే జనం నడిచిన బాటకు ఆయన సంస్కృతంలో లక్షణం చెప్పాడు. పైగా అది నృత్తం, మన సమస్య పాట.

వరంగల్ సభ్యుడు: మొదటి ఆక్షేపణ ఒప్పుకొంటున్నాను, 'దేశినృత్తమునకుఁ దెలిపె విధులు' అని సవరిస్తాను. రెండోది ఒప్పుకోను, ఎందుకంటే పాట లేకుండా నృత్తం సాగినా, జనం అభిరుచికి గౌరవమన్న విషయంలో ఆ రెండూ ఒక్క గూటివే.

సంచాలకుడు: సవరణతో చరిత్ర నిలిచింది గాని, 'మార్గ'మన్న మాటకు ఎదురుగా నిలిచిన 'తెఱువు' పోయింది; రెంటికీ అర్థం దారే కదా! నాకు ఆ తెఱువు మీదే మనసు పోతున్నది కాబట్టి రెండు పాఠాలనూ ఉంచుతున్నాను.