ప్యూరిటన్లను, డీయిస్టులను ఏ అంశం దగ్గర విడదీయాలి?

18వ శతాబ్దపు అమెరికాలో ప్యూరిటన్ (బైబిలును కచ్చితంగా పాటించిన ప్రొటెస్టెంట్ క్రైస్తవుల), డీయిస్టు (సృష్టికర్తను నమ్మినా మతగ్రంథం కన్నా తర్కాన్ని ఆధారం చేసుకున్నవారి) విశ్వాసాలను పోలుస్తూ ఎం.ఏ. సెమినార్ పత్రం రాస్తున్నాను. మొదట లోక వ్యవహారాల్లో దేవుడి జోక్యాన్ని ప్రమాణంగా తీసుకున్నాను. ప్యూరిటన్ సంప్రదాయానికి వారసుడైన మతబోధకుడు జోనాథన్ ఎడ్వర్డ్స్ 1741 జూలై 8న ఎన్‌ఫీల్డ్‌లో చేసిన ప్రసంగంలో, దేవుడు పాపిని నిప్పు మీద సాలీడును పట్టుకున్నట్టు నరకకూపం మీద పట్టుకొని ఉంటాడు. ఆ చేయి వదిలితే పతనమే. డీయిస్టుల దేవుడు మాత్రం సృష్టిని ప్రకృతి నియమాలకు అప్పగించి తప్పుకున్నవాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే ఈ విభజన అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర నిలవలేదు. యౌవనంలోనే డీయిస్టునయ్యానని ఆత్మకథలో రాసుకున్న ఆయనే 1787 జూన్ 28న అమెరికా రాజ్యాంగాన్ని రూపొందించిన సభలో రోజూ ప్రార్థనలు జరపాలని ప్రతిపాదించారు (అది ఓటింగుకైనా రాలేదన్నది వేరే సంగతి). 1790 మార్చిలో యేల్ కాలేజీ అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్‌కు రాసిన లేఖలోనూ దేవుడు లోకాన్ని పాలిస్తున్నాడనే అన్నారు.

తర్వాత రక్షణను (పాపం నుంచి, నరకం నుంచి విముక్తిని) ప్రమాణం చేసుకున్నాను. ప్యూరిటన్ల సిద్ధాంతాలను చెప్పే 17వ శతాబ్దపు వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం ప్రకారం రక్షణ దేవుడు ముందే ఎన్నుకున్నవారికి కృపవల్ల దక్కేదే గాని సత్ప్రవర్తనకు ప్రతిఫలం కాదు. ఫ్రాంక్లిన్ లేఖలోనేమో ఏసు దైవత్వంపై సందేహం ఉంది, ఆత్మకు ఇక్కడి నడవడిని బట్టే పరలోకంలో న్యాయం జరుగుతుంది. కానీ ప్యూరిటన్లు కూడా దేవుడు తమను ఎన్నుకున్నాడనడానికి గుర్తుగా సత్ప్రవర్తననే వెతుక్కునేవారు కనుక, ఆచరణ దగ్గరికి వచ్చేసరికి ఈ గీత కూడా మసకబారుతోంది.

ఫ్రాంక్లిన్ వంటివారిని మినహాయింపుగా పక్కన పెట్టకుండా ఈ పోలిక నిలవాలంటే, రక్షణనే ప్రధాన ప్రమాణంగా ఉంచాలా, లేక బైబిలును దైవవాక్కుగా అంగీకరించడమా, తర్కాన్నే ఆధారం చేసుకోవడమా అన్న అంశానికి మారాలా?