ట్యూబ్ ఫీడ్ ఇచ్చేటప్పుడు అమ్మ మంచంలో కిందికి జారిపోతోంది

పక్షవాతంతో అమ్మకు ఎడమవైపు పడిపోయింది, ఆహారమంతా రైల్స్ ట్యూబ్‌తోనే (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం). ఫీడ్ వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఫీడ్ ఇచ్చేటప్పుడూ, తర్వాత గంటసేపూ తలవైపు 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతున్నాం. చిక్కల్లా ఇక్కడే. కాసేపటికే ఒళ్లు కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆనుతోంది. నడుము కింద ఎముక మీద బొటనవేలంత ఎర్రమచ్చ వచ్చింది. నొక్కితే తెల్లబడట్లేదు, చర్మం మాత్రం చిట్లలేదు.

ఎయిర్ బెడ్ ఉంది. 2 గంటలకోసారి పక్కకు తిప్పుతున్నాం. పైకి జరపాలంటే ఈడ్చకుండా ఇద్దరం దుప్పటితో ఎత్తుతున్నాం. మోకాళ్ల కింద దిండు పెడితే అదీ ఆమెతోపాటే జారుతోంది. (మచ్చ మీద మసాజ్ వద్దని నర్సు గట్టిగా చెప్పారు, దయచేసి అది సూచించకండి.) మంచం మోకాళ్ల దగ్గర మడవదు.

ఇలాంటి మంచం మీద, ఫీడ్ సమయంలో తలవైపు ఎత్తి ఉంచుతూనే మనిషి జారకుండా ఎలా పడుకోబెట్టాలి?