డ్రైవర్ లేని కారు రోడ్డు దాటేవాళ్ళకు ఏం చెప్పాలి? ఎలా చెప్పాలి?

పానగల్లు:
కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో టిహాన్ అనే కేంద్రం డ్రైవర్ లేని వాహనాలను నడిపి చూస్తోంది. ఉద్యోగాలు పోతాయి కాబట్టి ఇలాంటి కార్లను దేశంలోకి రానివ్వనని గడ్కరీ గారు చాలాసార్లు అన్నారు. అందుకని రేపే మన నల్గొండకు వస్తాయని నేననను. కానీ వస్తే, క్లాక్ టవర్ సెంటర్‌లో దాటే మనిషికి ‘నిన్ను చూశాను, ఆగుతున్నాను’ అని ఆ కారు ఎలా చెప్పాలి? లైటుతోనా, అక్షరాలతోనా, సౌండుతోనా? అసలు చెప్పాల్సిన పనుందా?

పాలమూరు ఈసీఈ:
చెప్పి తీరాలి సార్. ఇప్పుడైతే డ్రైవర్ తల ఊపితే దాటుతాం. సీటు ఖాళీగా ఉంటే ఎవరి మొహం చూడాలి? దీనికి చాలా ప్రయత్నాలు జరిగాయి. 2015లో మెర్సిడెస్ ‘ఎఫ్ 015’ నమూనా కారు లేజర్‌తో రోడ్డు మీదే జీబ్రా గీతలు వేసి చూపించింది. 2018లో అమెరికాలో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో డ్రైవ్.ఏఐ అనే కంపెనీ తనంతట తానే నడిచే వ్యాన్లకు తెరలు బిగించి, మీరు దాటేదాకా ఆగుతానని అక్షరాల్లో చూపించింది. టోక్యో యూనివర్సిటీ వాళ్ళు ఒక చిన్న బండికి కదిలే కళ్ళే పెట్టారు. 2022లో ఆ ఫలితాలు చెప్పారు. వర్చువల్ రియాలిటీలో చూపిస్తే మగవాళ్ళు ప్రమాదమున్నా దాటేయడం తగ్గింది, ఆడవాళ్ళు దాటగలిగినా ఆగిపోవడం తగ్గింది. ప్రయోగం చిన్నదే, కానీ మనిషికి ఏదో ఒక సంకేతం కావాలని తెలుస్తోంది కదా.

మిర్యాలగూడ లారీ:
తమ్ముడూ, లైటు సంగతి నేను చెప్తా. అద్దంకి రోడ్డు మీద నా బండి తిరుగుతది. మన దగ్గర హెడ్‌లైట్ కొట్టామంటే ‘నేనొస్తున్నా, నువ్వు ఆగు’ అని. ఇంగ్లండ్‌లో అదే లైటు కొడితే ‘నువ్వు పో’ అనుకుంటారట. వాళ్ళ పద్ధతిలో తయారైన కారు ఇక్కడ లైటు వెలిగిస్తే ఒకడు ఆగుతాడు, ఇంకొకడు దూకుతాడు. ముందు ఆ లెక్క తేల్చండి.

చిట్యాల టీచర్:
అన్న చెప్పింది నిజం. అక్షరాలకైతే ఇంకా పెద్ద చిక్కు. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. సంతకు వచ్చిన పెద్దమ్మ నెత్తిన గంప పెట్టుకుని కారు మీది తెర చదువుతుందా? చదివినా, ఎండలో ఆ తెర కనబడాలి కదా.

మొహం చూసి దాటుతామన్న మాట కూడా సగమే నిజం తమ్ముడూ. ఏథెన్స్, లీడ్స్, మ్యూనిక్ నగరాల్లో రోడ్ల దగ్గర నిలబడి గమనించిన పరిశోధకులకు చేతి సైగలు, తల ఊపడాలు చాలా అరుదుగా కనిపించాయి. ఎక్కువమంది బండి వేగం, దూరం చూసే దాటుతున్నారు. కాబట్టి కారు చెప్పాల్సింది బ్రేకుతో చెప్పాలి. దూరం నుంచే, మనకు తెలిసేలా స్లో కావాలి. చివరి క్షణంలో ఆగే కారు ఎన్ని లైట్లు వెలిగించినా గుండె దడే.

‘మీరు దాటండి’ అని మాత్రం కారు ఎప్పుడూ చెప్పకూడదు. చిట్యాల దగ్గర విజయవాడ హైవే మీద ఒక కారు మంచిగానే ఆగుతుంది, దాని పక్కనుంచి బైకు దూసుకొస్తుంది. ఆ బైకు తరఫున ఈ కారు మాట ఇవ్వగలదా? తన సంగతి తాను చెప్పుకోవాలి, అంతే.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది వేరే ఉంది. కారు మనకు ఎలా చెప్తుందనే అందరూ అడుగుతున్నారు. మనం చెప్పేది దానికి అర్థమవుతుందా? మన ఊళ్ళలో చెయ్యెత్తి, బండ్లను ఆపుకుంటూ దాటుతాం. పిల్లలను దాటించే టీచర్‌నైనా, మేకలను తోలుకెళ్ళే తాతనైనా ఆ చెయ్యే కాపాడుతుంది. 2018లో అమెరికాలో అరిజోనాలోని టెంపీలో, తనంతట తానే నడిచే ఉబర్ పరీక్ష కారు, రాత్రిపూట సైకిల్ తోసుకుంటూ దాటుతున్న ఒకామెను గుద్ది చంపింది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పట్టుకున్నాయి. కానీ అది వాహనమా, సైకిలా, ఇంకేదైనానా అని సాఫ్ట్‌వేర్ మార్చుకుంటూ పోయింది. జీబ్రా గీత లేని చోట మనిషి దాటొచ్చన్న ఆలోచనే అందులో పెట్టలేదని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. కారును గమనించడానికి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టిన మనిషి కూడా రోడ్డు చూడలేదు. మన దగ్గర జీబ్రా గీత ఉన్న చోట దాటేవాళ్ళెంతమంది?

తెల్లకర్ర:
లైటు, తెర, కళ్ళు అన్నీ చూపున్నవాళ్ళ కోసమే మాట్లాడుతున్నారు. నాకు చూపు లేదు. ఎలక్ట్రిక్ ఆటో పక్కకొచ్చేదాకా తెలియడం లేదు. యూరప్‌లో 2019 నుంచి కొత్త మోడల్ ఎలక్ట్రిక్ కార్లు 20 కిలోమీటర్ల వేగం దాకా శబ్దం చేయాలన్న నిబంధన ఉంది. ఇక్కడ కూడా మొదట అది అడగండి. బస్టాండ్ హారన్ల మధ్య వినబడేంత ఉండాలి.

పాలమూరు ఈసీఈ:
తెల్లకర్ర గారూ, మీ మాట కాదనలేను. టీచర్ మేడమ్‌తో మాత్రం ఒక దగ్గర విభేదిస్తాను. కారు స్లో అయితే చాలంటున్నారు. ఎప్పుడూ ఆగుతుందని జనానికి తెలిశాక దాని ముందు దాటుతూనే ఉంటారు, క్లాక్ టవర్ దగ్గర అది సాయంత్రం దాకా కదలదు. ‘ఇక బయల్దేరుతున్నాను’ అని చెప్పడానికైనా సంకేతం కావాలి. 2023 డిసెంబరులో కాలిఫోర్నియా, నెవాడాలో మెర్సిడెస్‌కు నీలిపచ్చ లైట్లకు అనుమతి ఇచ్చారు. కారు తనంతట తానే నడుస్తోందని మాత్రమే అవి చెప్తాయి. అలాంటి లైటు ఒకటి ఉంటే తప్పేంటి?

చిట్యాల టీచర్:
బయల్దేరేటప్పటి సంకేతానికి ఒప్పుకుంటాను. లైటుతో పాటు సౌండు కూడా ఉండాలి, ఏ కంపెనీ కారైనా ఒకటే ఉండాలి. కానీ కంది క్యాంపస్‌లో బాగా నడిచిందని మన సెంటర్లకు పంపితే మాత్రం నేను ఒప్పుకోను. ముందు ఇక్కడికి వచ్చి, మనుషులు చెయ్యెత్తి ఎలా దాటుతున్నారో రికార్డు చేసుకుని పోవాలి. ఎత్తిన చెయ్యిని గుర్తుపట్టని కారుకు పర్మిషన్ ఇవ్వొద్దు.

మిర్యాలగూడ లారీ:
రాత్రిపూట కూడా రికార్డు చేయమను అక్కా. నకిరేకల్ వైపు వీధిలైట్లు లేని చోట నల్లదుప్పటి కప్పుకుని దాటేవాళ్ళు నాకే కష్టంగా కనబడతారు.